శాసనసభ వార్షిక సమావేశాల పట్టిక, మూడో పాఠం: మార్చి 31 నుంచి వెనక్కి లెక్క

సభను సమావేశపరచడం, నిరవధికంగా వాయిదా వేయడం, ప్రోరోగ్ చేయడం (ఆ విడత సమావేశాలను గవర్నర్ అధికారికంగా ముగించడం) వేర్వేరు చర్యలని గత రెండు పాఠాల్లో తెలుసుకున్నాం. ఇక పట్టిక తయారీలోకి దిగుదాం. మన ఉదాహరణ భారతదేశంలోని ఒక రాష్ట్ర శాసనసభ. తేదీలు నిర్ణయించేది మంత్రివర్గం, ఆ సలహాపై సభను పిలిచేది గవర్నర్; మనం తయారుచేసేది వారి ముందు పెట్టదగిన ప్రతిపాదన మాత్రమే. అయినా ఆ ప్రతిపాదన ముందుగా, సకారణంగా సిద్ధమై ఉంటే సభకు ఎక్కువ రోజులు దక్కుతాయని నా గట్టి నమ్మకం.

కొత్తగా ఈ పనికి దిగినవారు సాధారణంగా సెలవుల జాబితాతో మొదలుపెడతారు. పండుగలు కొట్టివేసి, మిగిలిన రోజుల్లో సభను సర్దుతారు. అలా చేస్తే సభకు మిగిలిన రోజులే దక్కుతాయి, కావలసిన రోజులు దక్కవు. కనుక ముందు కదిలించడానికి వీలులేని తేదీలను గుర్తించి, వాటి నుంచి వెనక్కి లెక్కించాలి.

అలాంటి తేదీల్లో మొదటిది మార్చి 31. ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో ముగుస్తుంది; ఏప్రిల్ 1 నుంచి ఖర్చు చేయాలంటే ద్రవ్య వినిమయ బిల్లు (ఖజానా నుంచి ఖర్చుకు అనుమతి ఇచ్చే బిల్లు) సభ ఆమోదం పొంది, దానిపై గవర్నర్ సంతకం కూడా పూర్తయి ఉండాలి. శాసనమండలి ఉన్న రాష్ట్రంలో ఇంకో మెట్టు ఉంటుంది: ఇలాంటి ద్రవ్య బిల్లును తిప్పి పంపడానికి మండలికి రాజ్యాంగం 14 రోజుల గడువు ఇచ్చింది. ఆచరణలో అంత సమయం పట్టకపోయినా, శాసనసభ బిల్లును ఆమోదించిన మర్నాడు మండలి సమావేశమయ్యేలా రెండు పట్టికలనూ ముందే కలిపి చూసుకోవాలి.

శాసనసభ మార్చి 25న బిల్లును ఆమోదించాలని అనుకుందాం. దానికి ఒక రోజు. అంతకుముందు శాఖల వారీ పద్దులపై (ఒక్కో శాఖ ఖర్చుకు అడిగే మొత్తాలపై) చర్చకు పది రోజులు, బడ్జెట్‌పై సాధారణ చర్చకు నాలుగు, బడ్జెట్ ప్రవేశపెట్టడానికి ఒకటి, గవర్నర్ ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై చర్చకు మూడు, ఆ ప్రసంగానికి ఒకటి. మొత్తం 20 రోజులు. బడ్జెట్ పత్రాలు చదువుకోవడానికి సభ్యులకు రెండు రోజులు విరామం ఇస్తే 22. శివరాత్రి, హోలీ, ఉగాది ఈ మధ్యలోనే పనిదినాల్లో వచ్చాయనుకుంటే 25. వారానికి ఐదు రోజుల చొప్పున అది ఐదు వారాలు. అంటే గవర్నర్ ప్రసంగం ఫిబ్రవరి మూడో వారం దాటకూడదు. సంవత్సరపు తొలి సమావేశాలు ఆ ప్రసంగంతోనే మొదలు కావాలని రాజ్యాంగంలోని 176వ అధికరణ చెబుతుంది కాబట్టి దాన్ని తరువాతికి జరిపే వీలు కూడా లేదు.

ఈ లెక్కలో ఎక్కడ కోత పడినా అది చివరికి పద్దుల మీదే పడుతుంది. కేటాయించిన ఆఖరి రోజు ముగిసేసరికి మిగిలిపోయిన పద్దులన్నింటినీ చర్చ లేకుండా ఓటింగుకు పెడతారు. ఆ జాబితాలో వైద్యం ఉండవచ్చు, సాగునీరు ఉండవచ్చు. వేల కోట్ల రూపాయలపై ఒక్క ప్రశ్న కూడా పడకుండా పోవడం చిన్న విషయం కాదు. పూర్తి బడ్జెట్ ఆమోదం పొందేలోగా కొంతకాలం ఖర్చుకు సభ అనుమతి తీసుకునే ఓట్ ఆన్ అకౌంట్ అనే వెసులుబాటు ఉన్నది నిజమే. ఎన్నికల సంవత్సరంలో దాన్ని వాడుకోవడం సబబు. ఏటా దాని మీదే ఆధారపడేలా పట్టిక వేయడం మాత్రం సరికాదు.

రెండో హద్దు ఆరు నెలలది. ఒక సమావేశపు చివరి రోజుకూ, తరువాతి సమావేశపు మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు గడవకూడదని 174వ అధికరణ. లెక్క మొదలయ్యేది సభ చివరిసారి కూర్చున్న రోజు నుంచే గానీ, ప్రోరోగ్ చేసిన రోజు నుంచి కాదు. మన ఉదాహరణలో సభ మార్చి 25న ముగిసి, ఏప్రిల్ 20న ప్రోరోగ్ అయినా, తరువాతి సమావేశానికి ఆఖరి హద్దు సెప్టెంబరు 25 దగ్గరే ఉంటుంది. అయితే అది హద్దు మాత్రమే. హద్దును లక్ష్యంగా పెట్టుకుంటే ఏడాదికి రెండు చిన్న సమావేశాలతో సరిపెట్టే అలవాటు స్థిరపడుతుంది.

సభ విరామంలో ఆర్డినెన్స్ జారీ అయితే, సభ తిరిగి సమావేశమైన నాటి నుంచి ఆరు వారాలకు అది రద్దవుతుంది. కాబట్టి దాని స్థానంలో వచ్చే బిల్లుకు మొదటి వారంలోనే చోటు పెట్టండి.

మరి ఏడాదికి ఎన్ని రోజులు? రాజ్యాంగం చెప్పలేదు. రాజ్యాంగ పనితీరు సమీక్షకు ఏర్పడిన జాతీయ కమిషన్ 2002లో 70 మంది కంటే తక్కువ సభ్యులున్న సభకు కనీసం 50, మిగిలిన సభలకు 90 రోజులు సూచించింది. 119 స్థానాల తెలంగాణ సభ అయినా, 175 స్థానాల ఆంధ్రప్రదేశ్ సభ అయినా రెండో వరుసలోకే వస్తుంది. 90లో బడ్జెట్ సమావేశాలకు 20 పోతే 70 మిగులుతాయి, అంటే మరో 14 వారాలు. వర్షాకాల, శీతాకాల సమావేశాలకు వీటిని పంచాలి.

కదిలే పండుగల విషయంలో 1955 నాటి లోక్‌సభ సాధారణ ప్రయోజనాల కమిటీ సూచన నేర్చుకోదగ్గది. శీతాకాల సమావేశాలు నవంబరు 5న గానీ, దీపావళి తరువాత నాలుగో రోజున గానీ, ఏది ఆలస్యమైతే ఆ రోజున మొదలు కావాలని అది చెప్పింది. తేదీకి బదులు ఇలా సూత్రం రాసుకుంటే ఏటా కొత్తగా తర్జనభర్జన పడనక్కరలేదు. నెలవంకను బట్టి మారే రంజాన్‌కు ముందూ వెనకా ఒక్కో రోజు ఖాళీ ఉంచండి.

ఇంకొకటి, ప్రశ్నల గడువు. లోక్‌సభలో ప్రశ్నకు 15 పూర్తి రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. మీ సభ నియమావళిలో ఎంత ఉందో చూడండి. సమావేశాల ప్రకటన అంతకంటే ఆలస్యంగా వెలువడితే మొదటి రోజుల ప్రశ్నోత్తరాల సమయం దెబ్బతింటుంది. అందుచేత పట్టికలో సమావేశం మొదలయ్యే తేదీ పక్కనే ప్రకటన తేదీకి ఒక గడి గీసి, రెండింటి మధ్య కనీసం మూడు వారాలు ఉంచండి.

అభ్యాసం: మీ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సెలవుల జాబితా తీసుకొని, మార్చి 25 నుంచి వెనక్కి లెక్కించి, గవర్నర్ ప్రసంగం తేదీనీ, సమావేశాల ప్రకటన తేదీనీ కనుక్కోండి. పద్దులకు పది రోజులకు బదులు పన్నెండు ఇస్తే ఆ రెండూ ఎన్ని రోజులు ముందుగా రావాలో పక్కన రాయండి. వచ్చే పాఠంలో మిగిలిన 70 రోజులను పంచుతూ, బిల్లులకూ కమిటీ నివేదికలకూ ప్రైవేటు సభ్యుల తీర్మానాలకూ ఎన్నెన్ని రోజులు కేటాయించాలో చూస్తాం.