మనుషుల ఫోటోలు సరిగా రావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఫోటో బాగా రాలేదని తెలియడానికి ఒక్క చూపు చాలు. ఎందుకు రాలేదో తెలియాలంటే దాన్ని పెద్దది చేసి, కళ్ల దగ్గర ఆగి చూడాలి. మనుషుల ఫోటోల్లో చాలా లోపాలు అక్కడే బయటపడతాయి. వాటిలో ఎక్కువ భాగం కొత్త లెన్స్ కొంటే పోయేవి కావు, మీరు నిలబడే చోటు మార్చుకుంటే పోయేవి.

ముఖం మసకగా వచ్చింది

మసకలన్నీ ఒకటి కావు. వెనక గోడతో సహా అన్నీ ఒకే వైపు సాగినట్టుంటే కదిలింది మీ చెయ్యి. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే కదిలింది ఆ మనిషి. ఏదీ సాగలేదు, చెవో చొక్కా కాలరో చక్కగా కనిపిస్తోంది, కళ్లు మాత్రం తేలిపోయాయంటే ఫోకస్ తప్పింది.

మొదటి రెండింటికీ మందు షట్టర్ స్పీడే, అంటే కెమెరా లోపలికి వెలుతురు పడే సమయం. కూర్చుని మాట్లాడుతున్న మనిషికి 1/125 సెకను, నడిచేవాళ్లకి 1/250, పరిగెత్తే పిల్లలకి 1/500 లేదా అంతకన్నా వేగంగా పెట్టండి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తుందన్న భయంతో కొత్తవాళ్లు 1/30 దగ్గరే ఉండిపోతారు. నాయిస్ ఉన్న ఫోటోని మనం దాచుకుంటాం. చెదిరిన ముఖాన్ని మాత్రం తీసేస్తాం.

ఫోకస్ తప్పుతుంటే, కంటిని గుర్తించే ఆటోఫోకస్ మీ కెమెరాలో ఉందేమో చూసి ఆన్ చేయండి. లేకపోతే ఒకే ఫోకస్ పాయింట్ ఎంచుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరా మీద 50 ఎంఎం లెన్స్‌తో, లెన్స్ రంధ్రం ఎఫ్/1.8 దగ్గర పెట్టి, మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం సుమారు 10 సెంటీమీటర్లే. ఫోకస్ అయ్యాక మీరు కాస్త ముందుకు ఒరిగినా ఆ కన్ను చేజారిపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై ఆ లోతు పెరుగుతుంది కాబట్టి, చెయ్యి కుదిరేదాకా ఎఫ్/2.8 లేదా ఎఫ్/4 దగ్గర తీయండి. ముందూ వెనకా వరసల్లో మనుషులుంటే ఎఫ్/5.6 దాకా వెళ్లండి.

ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వచ్చాయి

అందరూ లెన్స్‌ని తప్పుపడతారు గానీ అసలు కారణం దూరం. మూరెడు దూరం నుంచి తీస్తే, చెవులతో పోలిస్తే ముక్కు కెమెరాకి బాగా దగ్గరైపోతుంది. రెండు మీటర్లు వెనక్కి వెళితే ఆ తేడా లెక్కలోకి రాదు. 85 ఎంఎం లెన్స్‌కి పోర్ట్రెయిట్ లెన్స్ అని పేరు రావడానికి ఇదో పెద్ద కారణం: ముఖంతో ఫ్రేము నింపాలన్నా అది మిమ్మల్ని వెనక్కి జరుపుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు వెనక్కి నడిచి 2ఎక్స్ జూమ్ వాడండి.

ముఖం నల్లబడింది, లేదా కళ్ల కింద గుంటలు పడ్డాయి

కిటికీకో ఆకాశానికో వీపు పెట్టి నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది. వెనకున్న వెలుగంతా కలుపుకుని కెమెరా ఎక్స్‌పోజర్ (ఫోటోకి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 కి పెంచండి. ఫోన్‌లో అయితే ముఖం మీద తాకి వెలుతురు గుర్తును పైకి జరపండి. అంతకన్నా తేలిక దారి, మనిషిని కిటికీ వైపు తిప్పడం.

మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడుతుంది కాబట్టి కనుబొమల నీడ కళ్లను కప్పేస్తుంది. ఏ సెట్టింగూ దీన్ని సరిచేయదు. నీడలోకి నడవండి. చెట్టు నీడైతే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు ముఖం మీద పడకుండా చూసుకోండి. గోడ నీడ అంచున నిలబెట్టి, ముఖం వెలుతురు వైపు తిప్పితే కళ్లలో మెరుపు వస్తుంది. ఆ మెరుపు లేని ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా నాకు ప్రాణం లేనట్టే కనిపిస్తుంది.

చర్మం ఒకవైపు పసుపుగా, ఒకవైపు నీలంగా వస్తే రెండు రకాల వెలుతురు కలిసిందన్నమాట. గదిలో లైట్లు ఆర్పి కిటికీ వెలుగొక్కటే ఉంచండి.

గ్రూప్ ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూసుకుంటున్నారు

ఇది మీ తప్పు కాదు, లెక్క అలాంటిది. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ దీన్నే లెక్కగట్టి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) అందుకున్నారు. 20 మంది లోపు ఉంటే, మంచి వెలుతురులో ఆ సంఖ్యను 3తో, మసక వెలుతురులో 2తో భాగించి, అన్ని ఫోటోలు తీయండి. 12 మంది ఉన్నారనుకుంటే వెలుతురు బాగున్నప్పుడు 4 ఫోటోలు, లేనప్పుడు 6.

తల మీంచి స్తంభం మొలిచినట్టు కనిపిస్తే ఓ అడుగు పక్కకి జరగండి, అంతే.

నవ్వు అతికించినట్టుంది

అన్నిటికన్నా ఎక్కువమంది బాధపడేది దీని గురించే, అందరూ తప్పు మందు వాడేదీ దీనికే. "నవ్వండి" అంటే పెదవులు మాత్రమే నవ్వుతాయి. నిజంగా నవ్వినప్పుడు కంటి చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకుంటుందని, దాన్ని కావాలని కదిలించడం కష్టమని ఫ్రెంచ్ వైద్యుడు డ్యుషెన్ 1862లోనే చెప్పాడు. అంటే అడిగితే వచ్చేది కాదు, దానంతటది రావాలి.

బిగుసుకుపోవడానికి కారణం చాలాసార్లు ఎదురుచూపే. మీరు డయల్స్ తిప్పుతూ స్క్రీన్ చూసి మొహం చిట్లిస్తే, ఎదుటి మనిషి తనలోనే ఏదో లోపముందనుకుంటారు. అందుకే వాళ్లని పిలవకముందే అదే చోట ఒక కుర్చీ పెట్టి సెట్టింగులన్నీ సరిచూసుకోండి. వాళ్లు వచ్చాక ప్రతి ఫోటోకీ స్క్రీన్ చూడకండి. చేతులకి ఏదో ఒక పని ఇవ్వండి: కప్పు పట్టుకోవడం, చొక్కా చేతులు మడుచుకోవడం. వాళ్లకి ఇష్టమైన పని గురించి అడిగి, జవాబు నిజంగా వినండి. జవాబు ముగిసిన మరుక్షణం ముఖంలో ఉండే వెలుగే మీకు కావాల్సింది.

ఇంత చేసినా భుజాలు దిగకపోతే, అసలు ఫోటో దిగడం ఇష్టమేనా అని అడగండి. వద్దంటే కెమెరా పక్కన పెట్టేయండి. తీసినవి చెరిపేయమంటే వాళ్ల ముందే చెరిపేయండి. ఇష్టమే అయితే, "సరే, అయిపోయింది" అని చెప్పాక కూడా కెమెరాని కాసేపు కంటి దగ్గరే ఉంచండి. ఊపిరి వదిలి, భుజాలు దించి, వాళ్లు మీవైపు చూసేది అప్పుడే.