నానోపోగుల అతివాహకం: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

ఇట్రియం, బేరియం, రాగి లవణాలను 1:2:3 నిష్పత్తిలో పాలిమర్ ద్రావణంలో కలపాలి, అధిక వోల్టేజీతో సన్నని పోగులుగా వడకాలి, కొలిమిలో కాల్చాలి. వైబీసీఓ తయారీ కాగితం మీద ఇంతే. ఇది ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన అతివాహకం, అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం సున్నా అయ్యే పదార్థం. తప్పు మాత్రం చిట్టచివర, ద్రవ నత్రజనిలో నిరోధం కొలిచేటప్పుడు బయటపడుతుంది. దాని మూలం చాలాసార్లు ద్రావణం సీసాలోనో, కొలిమి వెలిగించిన తొలి గంటల్లోనో ఉంటుంది. అందుకే తయారీ వరుసలోనే చూద్దాం.

ద్రావణం అడుగున తెల్లటి మడ్డి

బేరియం కరగలేదు. బేరియం ఎసిటేట్‌కు నీళ్లంటే ఇష్టం, ఆల్కహాల్ అంటే పడదు. ముందు కొద్ది నీటిలోనో, ప్రొపియోనిక్ ఆమ్లంలోనో విడిగా కరిగించి తరువాత కలపండి. మడ్డిని వడగట్టి పని కానిచ్చేయకండి: వడపోత కాగితం మీద మిగిలేది మీ బేరియమే, నిష్పత్తి అక్కడే పోయింది. కరిగే బేరియం లవణాలు విషం, చేతి తొడుగులు తప్పనిసరి.

పోగుకు బదులు చుక్కలు, లేదా పూసలు గుచ్చినట్టున్న పోగులు

అందరూ ముందు వోల్టేజీ మీదే చెయ్యి వేస్తారు. ముందు చూడాల్సింది చిక్కదనం. పాలిమర్ గొలుసులు పెనవేసుకునేంత గాఢత లేకపోతే ధార పూసలుగా విడిపోతుంది. పాలిమర్‌గా సుమారు 13 లక్షల అణుభారం గల పీవీపీ (పాలీవినైల్ పైరోలిడోన్) వాడితే 8 శాతం దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. ఆ తరువాతే 15-20 కిలోవోల్టులు, ద్రావణం వచ్చే సూదికీ పోగులు పడే పలకకూ మధ్య 15 సెంటీమీటర్లు వంటి అంకెలను సవరించుకోవచ్చు. పలక మీద పోగులు కరిగినట్టు అతుక్కుపోతుంటే తేమను అనుమానించండి. పీవీపీ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది.

కొలిమిలో పోగులు పెడితే పొడి వచ్చింది

దీనికి రెండు కారణాలున్నాయి, వాటిని విడదీయడం తేలికే. ఒక ముక్కను 500 డిగ్రీల సెల్సియస్ దగ్గరే బయటికి తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడండి. అప్పటికే విరిగి ఉంటే పాలిమర్ మరీ వేగంగా కాలిందన్నమాట. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడిచేయండి. నైట్రేట్ లవణాలు వాడితే మరీ జాగ్రత్త, అవి పాలిమర్‌తో కలిసి ఉన్నట్టుండి అంటుకుంటాయి. 500 దగ్గర బాగుండి చివర్లో విరిగితే, పైవేడిలో, అంటే కొలిమి చేరే గరిష్ఠ వేడిలో, ఎక్కువసేపు ఉంచారు. స్ఫటిక రేణువులు పోగు మందమంత పెరిగి, వెదురు కణుపుల్లా వరుసకట్టి, కణుపు దగ్గర తెగుతాయి. పైవేడి సమయం తగ్గించండి.

నల్లగా ఉంది, అతివాహకం కాలేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ముందు ఎక్స్-రే డిఫ్రాక్షన్ చూడండి, ముక్కలో ఏ స్ఫటిక పదార్థాలున్నాయో అది చెబుతుంది. ఎక్స్-రేలను రాగి నుంచి పుట్టించే యంత్రంలో 24 డిగ్రీల కోణం (2θ) దగ్గర శిఖరం కనిపిస్తే అది బేరియం కార్బొనేట్. పాలిమర్ కాలినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను బేరియం పట్టుకుని ఒక పట్టాన వదలదు. కొలిమిలో కదలని గాలి ఉంటే ఆ వాయువు పోగుల మధ్యే తిరుగుతుంది. ఆక్సిజన్ ప్రవాహం పెట్టండి, పోగుల చాపను పలుచగా పరచండి, 900-930 డిగ్రీల మధ్య ఉంచండి.

ముక్క ఆకుపచ్చగా మారితే అది 211 దశ, అంటే ఇట్రియం, బేరియం, రాగి 2:1:1గా ఉన్న, అతివాహకం కాని పదార్థం. వేడి 1010 డిగ్రీలు దాటి ఉండవచ్చు, లేదా బేరియం తగ్గి ఉండవచ్చు. అల్యూమినా మూస (కాల్చే పాత్ర) కూడా బేరియాన్ని లాక్కుంటుంది, జిర్కోనియా మూసకు మారండి.

డిఫ్రాక్షన్‌లో మలినాలేవీ లేకున్నా ఫలితం రాకపోతే లోటు ఆక్సిజన్‌దే. పైవేడిలో ఈ పదార్థం ఆక్సిజన్ వదిలేస్తుంది, చల్లారేటప్పుడు తిరిగి తీసుకోవాలి. ఆక్సిజన్‌లోనే మెల్లగా దించి, 450-500 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలపండి. ఈ విషయంలో పోగులు దిమ్మెల కంటే నయం: మందం లేదు కాబట్టి వాయువు లోపలికి త్వరగా చేరుతుంది.

92 కెల్విన్ దగ్గర నిరోధం పడింది, సున్నా కాలేదు

92 కెల్విన్ వైబీసీఓ అతివాహకంగా మారే ఉష్ణోగ్రత. ముందు కొలతను అనుమానించండి. రెండు తీగలతో కొలిస్తే అతుకుల నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది, నాలుగు తీగలు వాడండి. అయినా మిగిలితే రేణువుల మధ్య, పోగుల కూడళ్ల దగ్గర అతుకు బలహీనంగా ఉంది. నాలుగు రోజులు బయట పెట్టిన నమూనా అయితే తేమ తిని ఉంటుంది. నీరు తగిలితే వైబీసీఓ విడిపోతుంది, పైగా పోగుల ఉపరితలం చాలా ఎక్కువ. తేమ లాగే జెల్ ఉన్న మూత పాత్రలో దాచండి.

అయస్కాంతం మీద తేలలేదు

దీన్ని లోపంగా లెక్కపెట్టకండి. అతివాహకం తేలేది అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి గెంటేస్తుంది కాబట్టి. వైబీసీఓలోకి అయస్కాంత క్షేత్రం సుమారు 150 నానోమీటర్ల లోతుదాకా, ఒక దిశలో ఇంకా ఎక్కువగా, చొరబడుతుంది. పోగు మందమే 200-300 నానోమీటర్లయితే క్షేత్రాన్ని గెంటేయడానికి లోపల మిగిలేదెంత? పైగా చాపలో ఎక్కువ భాగం ఖాళీయే. తేలే ముక్కే కావాలంటే పోగులను నూరి, బిళ్లగా అదిమి, మళ్లీ కాల్చాలి. అలాంటప్పుడు అసలు వడకడం దేనికని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.