గండికోటలో టెంట్ వేస్తున్నారా? మాంసం జమ్మలమడుగులోనే కొనండి

బెంగళూరు నుంచి గండికోటకు వచ్చేవాళ్లు చాలామంది మటన్ ఇంటి దగ్గరే కోయించి, మసాలా పట్టించి కవర్లో తెస్తారు. ఆరేడు గంటల ప్రయాణం, పైగా కడప ఎండ. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చిమాంసం గంటకు మించి బయట ఉండకూడదు. పెరుగు, నిమ్మరసం, ఉప్పు పట్టించాం కదా అనుకోవద్దు, అవి రుచికే, చెడకుండా ఆపలేవు.

కోటకు సుమారు 15 కిలోమీటర్ల ముందే జమ్మలమడుగు వస్తుంది. మటన్ అక్కడ తీసుకోండి. పొద్దున్నే వెళితే మంచి ముక్క దొరుకుతుంది. కూరకైతే చిన్న ముక్కలు కొట్టమనండి, కుక్కర్ తప్పకుండా పెట్టుకోండి. ఉత్త గిన్నెలో ముదురు మటన్ ఉడికేసరికి గ్యాస్ డబ్బా అయిపోతుంది. కార్జం తీసుకుంటే ముందు అదే వండేయండి.

ఇంటినుంచే తేవాలనుకుంటే ముందురోజే ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టించండి. గాలి చొరని డబ్బాలో పెట్టి, ఐస్‌బాక్స్ అడుగున ఉంచి, పైన నీళ్లు గడ్డకట్టించిన సీసాలు పేర్చండి. కిలో మాంసానికి రెండు కిలోల ఐస్ ఉండాలి. విడి ఐస్ వేస్తే కరిగిన నీళ్లు మాంసంలోకి దిగుతాయి. కూల్‌డ్రింకులకు మాత్రం వేరే పెట్టె! మాటిమాటికీ మూత తీస్తే చల్లదనమంతా పోతుంది.

ఎముకలు టెంట్ పక్కన పారేయకండి, రాత్రంతా కుక్కలతో నిద్రుండదు.