కథలో రహస్య సంఘాన్ని నమ్మదగినట్టుగా దాచడం ఎలా

కథలో ఒక రహస్య సంఘాన్ని సృష్టించే రచయిత మొట్టమొదట తేల్చుకోవలసినది ఆ సంఘం పేరూ కాదు, దాని చిహ్నమూ కాదు. అది సరిగ్గా దేన్ని దాస్తున్నదన్న సంగతి. ఉనికిని దాచవచ్చు, సభ్యులెవరన్నది దాచవచ్చు, అసలు ఉద్దేశాన్ని దాచవచ్చు. ఈ మూడింటినీ వేలమంది మనుషులు తరతరాలుగా ఒకేసారి దాచుకొచ్చారని రాస్తే పాఠకుడికి నమ్మకం కుదరదు. అలాంటి సంఘం నిజంగా ఉంటే మనకు తెలిసేదే కాదు గదా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో న్యాయం ఉంది, కానీ అది కథకుడికి అక్కరకు రాదు, ఎందుకంటే పాఠకుడు ఏ కథనైనా తనకు తెలిసిన మనుషుల తీరుతోనే తూచి చూస్తాడు.

నా అభిప్రాయంలో వీటిలో అన్నిటికన్నా తేలికగా దాగేది ఉద్దేశం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అణుబాంబు తయారీకి లక్షకు పైగా మనుషులను పనిలో పెట్టుకుంది. టెనెసీలోని ఓక్ రిడ్జ్‌లో ఏకంగా ఒక పట్టణమే వెలిసింది. అంత పెద్ద నిర్మాణాన్ని ఇరుగుపొరుగు కళ్ల నుంచి దాచడం అసాధ్యం, దాచవలసిన అవసరమూ లేకపోయింది. అక్కడ యువతులు వరుసగా ఎత్తయిన స్టూళ్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు గీత దాటకుండా మరలు తిప్పుతూ ఉండేవారు. తమ చేతికింద వేరవుతున్నది యురేనియం అని వారిలో చాలామందికి యుద్ధం ముగిసే రోజుల వరకూ తెలియదు. ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు, తెలియని విషయాన్ని ఎవరూ బయటపెట్టలేరు. అయినా ఉపాధ్యక్షుడిగా ఉన్న ట్రూమన్‌కు పూర్తి వివరాలు 1945 ఏప్రిల్‌లో అధ్యక్షుడైన తరువాతే తెలియగా, ఆ పనిలోనే ఉన్న శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ వంటివారి ద్వారా సోవియట్ యూనియన్‌కు అంతకు ముందే చేరాయి. రహస్యం ఎప్పుడూ చుట్టూ సమానంగా పరుచుకుని ఉండదు. తెలియవలసినవాడికి తెలియకపోవడం, తెలియకూడనివాడికి తెలిసిపోవడం అన్న ఈ వంకర అమరికలోనే కథకు కావలసిన బిగువు దొరుకుతుంది.

ఉద్దేశాన్ని దాచే ముసుగు నిజమైన పని చేసేదై ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని క్రిప్టో ఏజీ అనే సంస్థ నూటికి పైగా దేశాల ప్రభుత్వాలకు, సందేశాలను రహస్య లిపిలోకి మార్చే సంకేత యంత్రాలు అమ్మింది. 1970 నుంచి దాని అసలు యజమానులు అమెరికా, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థలేనన్న పూర్తి కథనం 2020లో గానీ వెలువడలేదు. అది ఉత్తుత్తి కార్యాలయం కాదు. అక్కడ ఇంజనీర్లు, వినియోగదారులు, లాభనష్టాల లెక్కలు అన్నీ నిజంగా ఉన్నాయి. మీ కథలో సంఘం ఒక అచ్చుకూటం వెనుక దాగి ఉంటే, ఆ అచ్చుకూటంలో పుస్తకాలు నిజంగా అచ్చవ్వాలి, జీతాలు ఆలస్యమైతే పనివారు సణగాలి. అప్పుడు రహస్యం పొక్కే దారి కూడా సహజంగా దొరుకుతుంది. కొత్తగా చేరిన గుమస్తా ఏడాది చివర లెక్క చూస్తే, కొన్న కాగితం నలభై రీములు, వెలువడిన పుస్తకాలకు పట్టేది ముప్పై. మిగిలిన పది రీముల మీద ఏం అచ్చయిందని అతడు అమాయకంగా యజమానిని అడిగిన క్షణాన్ని రాయండి. నేలమాళిగలో కొవ్వొత్తుల వెలుగులో జరిగే ప్రమాణాల కన్నా ఆ ప్రశ్నే పాఠకుణ్ని ఎక్కువగా పట్టుకుంటుంది.

ఇక మనుషుల సంఖ్య. ఆరు చెవుల పడిన మంత్రాంగం చెడుతుందని పెద్దలు ఊరకే అనలేదు. అయితే సంఖ్య కన్నా కాలవ్యవధి ముఖ్యమని నేను నమ్ముతాను. 1971 మార్చి 8 రాత్రి పెన్సిల్వేనియాలోని మీడియా అనే ఊళ్లో ఎనిమిదిమంది సామాన్యులు ఎఫ్‌బీఐ కార్యాలయంలో చొరబడి, అక్కడి దస్త్రాలను తీసుకుపోయి పత్రికలకు పంపారు. దేశమంతా ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల బాక్సింగ్ పోటీ వార్తకై చెవులు రిక్కించి ఉన్న రాత్రిని వారు కావాలనే ఎంచుకున్నారు. అంతకు ముందే వారిలో ఒకామె విద్యార్థినిగా ఆ కార్యాలయానికి వెళ్లి, ఉద్యోగావకాశాల గురించి ప్రశ్నలు వేస్తూనే తలుపులనూ అలమారలనూ గమనించి వచ్చింది. వేలిముద్రలు మిగలకూడదని అక్కడ ఉన్నంతసేపూ చేతితొడుగులు తీయలేదు. పని ముగిశాక ఇక కలుసుకోకూడదని అందరూ నిశ్చయించుకున్నారు. ఎఫ్‌బీఐ ఎంత వెతికినా దొరకలేదు, 2014లో వారిలో ఎక్కువమంది తమంతట తామే బయటికి వచ్చారు. ఒక్క పని చేసి చెదిరిపోయిన సంఘానికి సమావేశాలు ఉండవు, చందాలు ఉండవు, వారసత్వపు తగాదాలు ఉండవు. శతాబ్దాలపాటు బతికే సంఘాన్ని రాసేవారు ఈ మూడింటికీ సమాధానం చెప్పుకోక తప్పదు.

కాలం గడిచేకొద్దీ సంఘానికి జ్ఞాపకం కావాలి, జ్ఞాపకానికి కాగితం కావాలి. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఏ మాట ఇచ్చారో రాసిపెట్టకుండా పెద్ద సంఘం నడవదు. 1776 మే 1న జర్మన్ ప్రాంతమైన బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడం వైస్‌హాప్ట్ స్థాపించిన ఇల్యూమినాటీ సంఘంలో మనుషులకూ ఊళ్లకూ మారుపేర్లు ఉండేవి. స్థాపకుడు స్పార్టకస్, మ్యూనిక్ నగరం ఏథెన్స్. ఇంత జాగ్రత్త పడినా, నాయకుల మధ్య తగవులు ముదిరాయి, నిషేధాలు వచ్చాయి, 1786లో ఒక సభ్యుడి ఇంట్లో దొరికిన కాగితాలను బవేరియా ప్రభుత్వం మరుసటి ఏడాది అచ్చువేసి అందరి ముందూ పెట్టింది. ఇటలీలో పీ2 అనే రహస్య సంఘం గతీ అంతే. 1981 మార్చిలో దాని అధిపతి లిచియో జెల్లికి చెందిన చోట జరిపిన సోదాలో 962 పేర్ల జాబితా దొరికింది, దానితో లేచిన దుమారంలో ప్రభుత్వమే పడిపోయింది. కాబట్టి మీ సంఘం జాబితా ఎక్కడ ఉంది, ఎవరి చేతిలో ఉంది, ఆ వ్యక్తి చనిపోతే దాన్ని ఎవరు తెరుస్తారు అన్నవి కథ మొదలుపెట్టక ముందే నిర్ణయించుకోండి.

సభ్యులు ఒకరినొకరు ఎరుగకుండా చిన్న శాఖలుగా విడదీయడం పాత ఉపాయమే. గూఢచారులు ఒకరికొకరు తెలియకూడదని, ముగ్గురి మాట ఒకటైతేనే ఆ సమాచారాన్ని నమ్మాలని కౌటిల్యుడు ఆనాడే చెప్పాడు. రచయితలు ఈ పద్ధతి ఇచ్చే రక్షణను చూపిస్తారు గానీ, దానికి చెల్లించే మూల్యాన్ని చాలాసార్లు మరచిపోతారు. మధ్యలో ఉన్న ఒక్క మనిషి మరణిస్తే ఒక శాఖ మొత్తం తెగిపోతుంది. పైనుంచి వచ్చిన ఆజ్ఞ నిజమైనదో కాదో పరీక్షించే దారి కిందివారికి ఉండదు. రష్యాలో సోషలిస్టు విప్లవకారుల పోరాట దళానికి నాయకత్వం వహించిన అజెఫ్ పోలీసుల వద్ద జీతం తీసుకునేవాడని 1908లో బయటపడేవరకూ అతని అనుచరులు అతనికే విధేయులుగా ఉన్నారు.

అన్నిసార్లూ ద్రోహమే కారణం కానక్కరలేదు, జాలి కూడా సంఘాన్ని కూల్చగలదు. 1605లో లండన్‌లో పార్లమెంటును పేల్చివేయాలనుకున్న పదమూడుమంది గుట్టు, ఆ రోజు సభకు రావద్దని ఒక ప్రభువుకు అందిన ఆకాశరామన్న ఉత్తరంతో రట్టయింది. ఉత్తరం సంగతి కుట్రదారులకు తెలిసింది, అయినా వెనుదీయలేదు. సోదాలో ముప్పై ఆరు పీపాల మందుగుండు దొరికింది. ఆ ఉత్తరం రాసిన చేయి ఎవరిదో నేటికీ తేలలేదు.

మరొక మార్గం నాకు ఎంతో ఇష్టమైనది, కథల్లో అరుదుగా కనిపించేది. 1814లో ఒడెస్సాలో ముగ్గురు గ్రీకు వ్యక్తులు ఫిలికీ ఎటేరియా అనే స్వాతంత్ర్య సంఘాన్ని మొదలుపెట్టారు. తమ పైన ఒక అదృశ్య అధికారం ఉన్నదని చెబుతూ, అది రష్యా చక్రవర్తే కావచ్చునని కొత్తగా చేరినవారు అనుకునేలా చేశారు. వారు దాచినది తమ బలాన్ని కాదు, తమ బలహీనతను. 1821 తిరుగుబాటు నాటికి ఆ నమ్మకంతో వేలమంది చేరారు. మీ కథానాయిక మెట్టు మెట్టుగా పైకి ఎక్కి, చివరి గది తలుపు తీసేసరికి అక్కడ అప్పుల చిట్టా ముందేసుకుని కూర్చున్న ముగ్గురు అలసిన మనుషులే కనబడితే, ఇన్నాళ్లూ తాను ఎవరి ఆజ్ఞ అనుకుని ఏమేమి చేసిందో ఆమె గుర్తుచేసుకోవలసి వస్తుంది. అక్కడి నుంచి ఆ రహస్యాన్ని కాపాడాలో వద్దో ఆమే నిర్ణయించుకోవాలి.