అమెరికాలో కారు నడిపే ముందు

పిల్లల్ని చూడ్డానికి వెళ్లి అక్కడ కారు నడపాలనుకుంటే, బయలుదేరే ముందే ఆర్టీఓ ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది చెల్లేది మహా అయితే ఏడాది. అసలు లైసెన్స్ కార్డు కూడా వెంట ఉండాలి. రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి, నడిపే కారు ఇన్సూరెన్స్ మీకు వర్తిస్తుందో లేదో అడగండి.

వెనక పోలీసు లైట్లు వెలిగితే:

- టెన్షన్ పడకుండా సిగ్నల్ ఇచ్చి కుడి పక్కన ఆపండి.
- కారు దిగొద్దు. ఇది మరీ ముఖ్యం. మన దగ్గర దిగి వెళ్లి మాట్లాడటం అలవాటు. అక్కడ దాన్ని ప్రమాదంగా చూస్తారు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. కాగితాలు అడిగాక, చెప్పి తీయండి.
- డబ్బు ఇవ్వజూపడం నేరం. టికెట్ (జరిమానా కాగితం) ఇస్తే గడువులోగా కట్టండి, ఒప్పుకోకపోతే కోర్టులో చెప్పుకోవచ్చు.

ఎర్ర లైట్లు వెలుగుతూ ఆగిన స్కూల్ బస్సును దాటకండి.