బంచరాయిలో లంటానా తీసి గడ్డిని తిరిగి తేవడం ఎలా?

బంచరాయి అంటే ఊరి ఉమ్మడి మేత భూమి. లంటానా అక్కడి గడ్డిని అణచి పెరిగే ముళ్ళ కంప. దాన్ని తీయడానికి గడ్డపార, గొడ్డలి, తోలు చేతొడుగులు చాలు. మృగశిర కార్తెలో తొలకరి పడి నేల మెత్తబడ్డాక, కంప మీద కాయలు పండకముందే పని మొదలుపెట్టాలి.

వరంగల్, ములుగు చుట్టుపక్కల బంచరాయి భూముల్లో ఈ పని ఎన్నోసార్లు చేశాను. చెడగొట్టిన చోట్లు అంతకంటే ఎక్కువ చూశాను. చెడేది ఒక్క దగ్గరే, వేరు నరకడంలో. కంపను నేలమట్టంగా కొట్టి నిప్పు పెట్టి వెళ్ళిపోతారు. రెండు వానలకే ఒక్కో మోడు నుంచి గుత్తులుగా కొమ్మలు లేస్తాయి. కాండమూ వేరూ కలిసేచోట, మట్టికి కాస్త కింద, కొత్త చిగుళ్ళు పుట్టే భాగం ఉంటుంది. అది మిగిలితే పైన ఎంత నరికినా వృథాయే.

మోడు చుట్టూ మట్టి తీయండి. తల్లివేరు కనబడే దాకా గొడ్డలి ఎత్తవద్దు. నేలకు 3, 4 సెంటీమీటర్ల కింద వేరును తెగ్గొట్టి, కంపను పైకి లాగి తలకిందులు చేయండి. వేరు ఆకాశం వైపు చూస్తూ ఎండాలి. తడి నేల మీద పక్కకు పడేస్తే మళ్ళీ నాటుకుంటుంది.

జేసీబీ పెడితే ఒక పూటలో అయిపోతుందంటారు. కంపతోపాటు గడ్డి దుబ్బులూ పెకలిపోతాయి, తిరగబడిన మట్టిలో వయ్యారిభామ మొలుస్తుంది. బంచరాయిలోకి జేసీబీ రాకూడదు.

గడ్డి గింజను ముందటి కార్తీక, మార్గశిరాల్లోనే మీ ఊరి గుట్ట మీద దూసి, ఆరబెట్టి, బట్టసంచిలో దాచి ఉండాలి. తాజా గింజ చాలావరకు కొన్ని నెలలు మొలవదు. ఖాళీ అయిన చోట చల్లి, పైపైన మట్టి కప్పితే చాలు.

ఖాళీ కనబడింది కదా అని చెట్లు నాటవద్దు. పూరేడు పిట్ట గూడు పెట్టేది నేల మీద, గడ్డి దుబ్బు చాటున. దానికి కావలసింది బయలు. పైగా లంటానా పళ్ళు తిన్న పిట్టలు చెట్టెక్కి రెట్ట వేస్తాయి. అందుకే ఏటా వానాకాలంలో, ఉన్న చెట్ల కిందంతా వెతికి లేత లంటానా మొలకలను చేత్తో పీకేయాలి.

గొర్రెలను రెండు వానాకాలాలు లోపలికి తోలకూడదు. ఈ మాట కంప కొట్టకముందే గొల్లకురుమలతో కూర్చుని మాట్లాడుకోవాలి. గింజ రాలాక గడ్డిని కొడవలితో కోసి మోసుకుపోయే హక్కు మాత్రం మొదటి ఏడాది నుంచే వాళ్ళకు ఉండాలి.