ఎలక్ట్రిక్ కారు టచ్ స్క్రీన్: రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వాడటం ఎలా?

పాత కారులో ఏసీ మీట ఎక్కడుందో చేతికే తెలుసు. తడిమితే దొరికేది. గాజు తెర మీద అంతా నున్నగానే ఉంటుంది కాబట్టి వేలు చేయాల్సిన వెతుకులాట కన్ను చేయాల్సి వస్తోంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కన్ను రెండు సెకన్లు పక్కకు వెళ్తే కారు 55 మీటర్లు దాటిపోతుంది.

2022లో స్వీడన్ పత్రిక వి బిలాగారె 11 కొత్త కార్లను, బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70ని పక్కపక్కన పెట్టి చూసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ అవే నాలుగు పనులు అన్నిట్లో చేయించింది. పాత వోల్వోలో పని 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయింది. అన్నిటికన్నా వెనకబడ్డ కొత్త కారులో 44.9 సెకన్లు పట్టింది, ఆలోగా కారు 1,372 మీటర్లు వెళ్లింది. డ్రైవర్లకు ముందుగా ఆ తెరలు అలవాటు చేసుకునే సమయం ఇచ్చాక వచ్చిన ఫలితమిది. అందుకే అలవాటైపోతుందిలే అని వదిలేయకండి. తెరతో పడే పనే తగ్గించుకోవాలి.

1. కారు ఆపి అరగంట కూర్చోండి. నడుపుతుండగా అవసరపడే పనులు ఒక కాగితం మీద రాయండి: వైపర్ వేగం, హెడ్‌లైట్లు, హజార్డ్ లైట్లు, ఏసీ, పక్క అద్దాలు. ఒక్కోదానికి తెరను ఎన్నిసార్లు తాకాలో లెక్కపెట్టండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే ఇంకా మంచిది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కార్ల కంపెనీలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో చూపు రెండు సెకన్లు మించకూడదు, ఒక పనికి అన్ని చూపులూ కలిపి 12 సెకన్లు దాటకూడదు. ఆగి ఉన్న కారులోనే అంతకన్నా ఎక్కువ పట్టే పనిని నడుపుతూ చేయొద్దు.

2. ముందు అద్దానికి పట్టే ఆవిరి సంగతి అన్నిటికన్నా ముందు చూడండి. నా లెక్కలో ఇదే అసలు పరీక్ష. వాన పడుతుంటుంది, అందరి బట్టలూ తడిసి ఉంటాయి, ఉన్నట్టుండి అద్దం మసకబారుతుంది. రోడ్డు సరిగా కనిపించని ఆ క్షణంలోనే తెరలో మెనూ వెతకాల్సి వస్తే అంతకన్నా ప్రమాదం ఏముంది? ఆవిరి పోగొట్టే గుర్తులు రెండుంటాయి: వంపు తిరిగిన అద్దం గుర్తు ముందు అద్దానిది, దీర్ఘచతురస్రం వెనక అద్దానిది. కంగారులో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కడం చాలా తేలిక. ఈ గుర్తు తెరలో ఏ మూల ఉందో చెయ్యి దానంతటదే వెళ్లేదాకా పదిసార్లు సాధన చేయండి. ఆవిరి పోగొట్టడానికి బ్యాటరీ కొంత ఖర్చవుతుంది, వెనకాడొద్దు.

3. షార్ట్‌కట్లు మార్చుకోండి. చాలా కార్లలో తెర అడుగు వరసలో మనకు కావలసిన గుర్తులు పెట్టుకోవచ్చు. సంగీతం, ఆటలు తీసేసి ఆవిరి, వైపర్, సీటు వేడి లాంటివి అక్కడికి తెచ్చుకోండి. స్టీరింగ్ మీద మనం మార్చుకోగల బటన్ ఉంటే అదే అన్నిటికన్నా విలువైన చోటు. ఎక్కువసార్లు వాడే పనిని దానికి అప్పగించండి.

4. ముఖ్యమైన మీటలు కళ్లు మూసుకుని తడిమితే దొరుకుతాయేమో చూడండి. ఆపి ఉన్న కారులోనే సుమా. ఇండికేటర్, హజార్డ్, హారన్, వైపర్, అత్యవసర కాల్ అనే ఈ అయిదింటికీ బటనో మీటో ఉంటేనే పూర్తి మార్కులని, కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి నిబంధన పెట్టింది. కారు ఇంకా కొనని వాళ్లు షోరూమ్‌లోనే ఈ అయిదూ తడిమి చూడండి.

5. మాటతో చేయగల పనులు నేర్చుకోండి. మీ కారుకు అర్థమయ్యే నాలుగైదు వాక్యాలు చాలు. సరిగా వినలేదంటే వదిలేయండి. దానితో వాదన పెట్టుకుంటే అప్పుడూ ధ్యాస రోడ్డు మీద ఉండదు.

6. దారి, ఛార్జింగ్ బయల్దేరే ముందే పెట్టండి. ఫాస్ట్ ఛార్జర్‌ను కారు సొంత నావిగేషన్‌లో గమ్యంగా పెడితే చాలా మోడళ్లు అక్కడికి చేరేలోపు బ్యాటరీని తగిన వేడికి తెస్తాయి. చలిలో ఛార్జింగ్ సమయం దీనివల్ల బాగా తగ్గుతుంది. ఫోన్ మ్యాప్‌లో దారి పెడితే ఈ సంగతి కారుకు తెలియకపోవచ్చు.

7. అప్‌డేట్ వచ్చాక కాగితం మళ్లీ తీయండి. సాఫ్ట్‌వేర్ మారితే గుర్తుల చోటు కూడా మారొచ్చు. ప్రయాణం లేనప్పుడే అప్‌డేట్ పెట్టి, కదిలేముందు రెండో మెట్టు మరోసారి చేయండి.

8. తెర బిగుసుకుపోతే ఏం చేయాలో ముందే చూసుకోండి. బ్రేకులు, స్టీరింగ్ ఈ తెర మీద ఆధారపడవు కాబట్టి కంగారుపడకుండా నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. ఆ తర్వాత రీస్టార్ట్ చేయొచ్చు. టెస్లా మోడల్ 3లో స్టీరింగ్ మీద వేలితో తిప్పే రెండు చిన్న చక్రాలనూ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి, తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంది. మీ కారు పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని కార్లలో మాన్యువల్ కూడా ఆ తెరలోనే ఉంటుంది గనక ఆ పేజీని ఇవాళే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.